వేరుశనగ రైతు సంస్థలలో సేకరణ, పొరుగు సేవల వ్యూహం: ఏది కొనాలి, ఏది అప్పగించాలి, ఏది చేతిలో ఉంచుకోవాలి

రాయలసీమ మెట్ట భూములలో ఖరీఫ్ వేరుశనగ విత్తుకొనే కాలం చాలా పరిమితం. తొలకరి వానకు నేల పదునెక్కిన కొద్ది రోజులలోనే విత్తనం భూమిలో పడాలి. ఆ రోజులలో విత్తనం అందకపోయినా, అందినది మొలవకపోయినా, ఆ నష్టాన్ని తరువాత వేసే ఎరువుతోగాని, సస్యరక్షణతోగాని పూడ్చడం సాధ్యం కాదు. అందువలన వేరుశనగ సాగులో సేకరణ అనేది కేవలం కొనుగోలు వ్యవహారం కాదు. అది సాగులో భాగమే. రైతు ఉత్పత్తిదారుల సంస్థలు ఈ విషయాన్ని ఎంత స్పష్టంగా గుర్తిస్తే వాటి మనుగడ అంత సుస్థిరమవుతుంది.

2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ద్వారా ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టబద్ధత లభించింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల స్థాపనకు పథకాన్ని ప్రారంభించింది. ఈ పథకం క్రింద ఒక్కొక్క సంస్థకు మూడు సంవత్సరాలలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సహాయం లభిస్తుంది. ఆ గడువు ముగిసిన తరువాత సంస్థ తన వ్యాపారంలో మిగిలే సొమ్ముతోనే నిలబడాలి. ఆ మిగులులో అధిక భాగం రెండు నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది. ఏ వస్తువును ఎవరి వద్ద, ఎప్పుడు, ఏ షరతులపై సేకరించాలన్నది మొదటిది. ఏ పనిని సంస్థ స్వయంగా చేయాలి, ఏ పనిని పొరుగు సేవలకు అప్పగించాలన్నది రెండవది.

అన్ని వస్తువులకు ఒకే పద్ధతి తగదు

సేకరించవలసిన వస్తువులను వాటి ఆర్థిక ప్రాధాన్యం, సరఫరాలో ఉన్న ముప్పు అనే రెండు కొలమానాలతో విభజించాలని పీటర్ క్రాల్జిక్ 1983లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రతిపాదించారు. పెద్ద పరిశ్రమలను ఉద్దేశించిన ఈ విభజన రైతు సంస్థలకు కూడా చక్కగా అన్వయిస్తుంది.

గోనె సంచులు, టార్పాలిన్లు, పురికొస వంటివి తక్కువ ఖర్చుతో ఎక్కడైనా లభిస్తాయి. వీటి కొనుగోలుకు ఎక్కువ సమయం వెచ్చించడం వృథా. సంవత్సరానికి ఒకసారి ధర నిర్ణయించుకొని, అవసరమైనప్పుడు తెప్పించుకొంటే చాలు. రసాయనిక ఎరువులకు ఖర్చు ఎక్కువైనా అమ్మకందారులు అనేకులు ఉంటారు. సభ్యులందరి అవసరాన్ని ఒక్కచోట చేర్చి బేరం చేసే అవకాశం ఇక్కడే ఉంది.

జిప్సం విషయం కొంత భిన్నమైనది. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేయాలన్న సిఫారసును అనుసరిస్తే, 1,000 ఎకరాలకు 200 టన్నులు కావాలి. బరువు ఎక్కువ, విలువ తక్కువ కనుక రైతుకు పడే ధరలో రవాణా వాటా పెద్దది. ఇక్కడ బేరం చేయవలసింది సరుకు ధరను మాత్రమే కాదు, దూరాన్ని, లారీ నిండుదనాన్ని, దింపే చోటును కూడా. రైజోబియం, ట్రైకోడెర్మా వంటి జీవ ఉత్పత్తులది మరొక రకం. వీటిపై ఖర్చు స్వల్పమే. అయితే నమ్మదగిన తయారీదారులు కొద్దిమంది, నిల్వ కాలం తక్కువ. ఎండ తగిలితే జీవకణాలు నశిస్తాయి. చౌక బేరం కన్నా ముందస్తు కోరికపత్రం, తయారీ తేదీ పరిశీలన, నీడలో రవాణా ఇక్కడ ముఖ్యం.

ఖర్చు, ముప్పు రెండూ అధికంగా ఉన్నది విత్తనానికే. వేరుశనగ విత్తన వృద్ధి నిష్పత్తి చాలా తక్కువ. ఎకరాకు కావలసిన విత్తనమేమో ఎక్కువ. కనుక కొరత ఏర్పడితే ఒక్క సీజనులో దానిని తీర్చడం కష్టం.

కనబడే ధర, పడే ధర

విత్తన కొనుగోలులో సాధారణంగా కిలో ధరలనే పోల్చి చూస్తారు. ధ్రువీకృత వేరుశనగ విత్తనానికి కనీస మొలక ప్రమాణం 70 శాతం. ఈ ప్రమాణాన్ని దాటిన రెండు విత్తనపు లాట్లు ఉన్నాయని ఊహిద్దాం. ఒకదాని మొలక శాతం 90, ధర కిలో 100 రూపాయలు. రెండవదాని మొలక శాతం 70, ధర 85 రూపాయలు. మొదటి రకం ఎకరాకు 60 కిలోలు విత్తితే 54 కిలోల మొలకెత్తే విత్తనం పడుతుంది. దానికి ఖర్చు 6,000 రూపాయలు. రెండవ దానితో అదే మొక్కల సాంద్రత రావాలంటే సుమారు 77 కిలోలు విత్తాలి. దానికి ఖర్చు దాదాపు 6,550 రూపాయలు. రెండు లాట్లూ నిబంధనల ప్రకారం సరైనవే. చౌకగా కనబడినదే చివరకు ఖరీదైనది. రైతు 77 కిలోలకు బదులు అలవాటు ప్రకారం 60 కిలోలే విత్తినట్లయితే, నష్టం దిగుబడిలో బయటపడుతుంది. అందువలన విత్తనం ధరను కిలోకు కాక, మొలకెత్తే విత్తనం కిలోకు ఎంత అని లెక్కించి పోల్చాలి. కొనుగోలు పత్రంలో కూడా మొలక శాతాన్నిబట్టి ధర మారే షరతు ఉండాలి.

నిర్ణయం తొలకరిలో కాదు, కార్తీకంలో

జూన్ నెలలో విత్తనం కోసం వెదకే సంస్థకు బేరమాడే శక్తి ఉండదు. ఎంపిక చేసుకొనే వ్యవధి కూడా ఉండదు. ఖరీఫ్‌కు కావలసిన విత్తనాన్ని అంతకు ముందటి రబీలో నీటి వసతి క్రింద పండించడం రాయలసీమలో ఆచరణలో ఉన్న పద్ధతి. కావున ఖరీఫ్ విత్తన సేకరణ నిర్ణయం ముందు సంవత్సరం కార్తీక మాసంలోనే, అనగా రబీ విత్తుకొనే నాటికే జరగాలి.

ఉదాహరణకు, 500 మంది సభ్యులు రెండేసి ఎకరాల చొప్పున 1,000 ఎకరాలలో వేరుశనగ వేస్తారనుకుంటే, 600 క్వింటాళ్ల గింజలు అవసరం. కాయలో గింజ 70 శాతంగా లెక్కిస్తే సుమారు 860 క్వింటాళ్ల కాయలు కావాలి. విత్తన పంటలో ఎకరాకు 10 క్వింటాళ్ల కాయల దిగుబడి వస్తుందని భావిస్తే 86 ఎకరాలు సరిపోతాయి. తిరస్కరణకు గురయ్యే లాట్లను, మళ్లీ విత్తవలసి వస్తే కావలసిన నిల్వను దృష్టిలో ఉంచుకొని 100 ఎకరాలు ఏర్పాటు చేసుకోవడం సమంజసం.

ఈ 100 ఎకరాలు ఒకే చెరువు క్రింద, ఒకే గ్రామంలో ఉండరాదు. రెండు మూడు మండలాలలో, వేర్వేరు నీటి వనరుల క్రింద ఉంటే ఒకచోట కోత సమయంలో కురిసిన వాన మొత్తం విత్తనాన్ని దెబ్బతీయదు. అవసరంలో ఒక భాగాన్ని ప్రభుత్వ విత్తన సంస్థ వంటి ఇతర వనరు నుండి తీసుకొనే ఏర్పాటు కూడా ఉండాలి.

నిల్వ ఖర్చు భయపెట్టదగినది కాదు. గింజ కిలో 100 రూపాయలుగా లెక్కిస్తే 600 క్వింటాళ్ల విలువ 60 లక్షలు. 12 శాతం వడ్డీపై మూడు నెలలకు 1,80,000 రూపాయలు, అనగా కిలోకు 3 రూపాయలు, ఎకరాకు 180 రూపాయలు. విత్తే కాలం చేజారితే కలిగే నష్టంతో పోల్చినప్పుడు ఇది ఒక విధమైన బీమా రుసుము. అయితే ఈ బీమా ఫలించాలంటే కాయలలో తేమ 9 శాతం మించకుండా ఆరబెట్టాలి. కాయలుగానే నిల్వ చేసి, విత్తే ముందు మాత్రమే ఒలవాలి.

ఏ పనిని బయటకు ఇవ్వవచ్చు?

ఒక పనిని సంస్థ లోపల చేయడమా, బజారు నుండి పొందడమా అన్న ప్రశ్నను 1937లో రోనాల్డ్ కోస్ లేవనెత్తారు. బజారును ఉపయోగించుకోవడానికి కూడా ఖర్చు ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం. ఆలివర్ విలియమ్సన్ దీనిని విస్తరించి, ప్రత్యేకమైన పెట్టుబడి, అనిశ్చితి, లావాదేవీ ఎంత తరచుగా జరుగుతుందన్న అంశాలపై ఈ ఎంపిక ఆధారపడుతుందని వివరించారు. ఇరువురూ వేర్వేరు సంవత్సరాలలో నోబెల్ స్మారక బహుమతి పొందినవారే.

కాయలు ఒలిచే యంత్రాన్ని దీనికి ఉదాహరణగా తీసుకోవచ్చు. యంత్రం తరుగుదల, వడ్డీ, షెడ్డు అద్దె కలిపి సంవత్సరానికి 1,50,000 రూపాయల స్థిర ఖర్చు, బయట ఒలుపు కూలి క్వింటాలుకు 150 రూపాయలు, సొంత యంత్రంపై విద్యుత్తు, కూలి కలిపి 90 రూపాయలు అనుకుంటే, క్వింటాలుకు మిగిలేది 60 రూపాయలు. స్థిర ఖర్చు రాబట్టడానికే 2,500 క్వింటాళ్లు ఒలవాలి. 860 క్వింటాళ్లు మాత్రమే అవసరమైన సంస్థ యంత్రం కొనుగోలు చేస్తే, ఆ యంత్రమే సంస్థకు భారమవుతుంది. రాయితీ లభిస్తున్నదన్న ఒక్క కారణంతో యంత్రాలు కొనడం తగదు.

అయితే ఒలుపును బయటకు ఇచ్చినప్పుడు క్వింటాళ్లనుబట్టి కూలి చెల్లిస్తే పనివారు వేగాన్ని పెంచుతారు. గింజ పగులుతుంది, పైపొర చిట్లుతుంది. అలాంటి గింజ నూనె మిల్లుకు పనికివస్తుందేగాని విత్తనానికి పనికిరాదు. కనుక చెల్లింపు చెక్కుచెదరని గింజల శాతంతో ముడిపడి ఉండాలి. కొలవదగిన ఫలితాన్ని ముందుగా నిర్వచించుకోలేని పనిని పొరుగు సేవలకు అప్పగించరాదన్న సూత్రానికి ఇది నిదర్శనం.

రవాణా, గిడ్డంగి, లెక్కల తనిఖీ, ప్రయోగశాల పరీక్షలు బయటకు ఇవ్వదగినవి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం, 2007 క్రింద నమోదైన గిడ్డంగిలో అమ్మకపు సరుకు నిల్వ చేస్తే, ఆ రశీదుపై బ్యాంకు రుణం పొందే వీలుంది. అఫ్లాటాక్సిన్ పరీక్షకు ఖరీదైన పరికరాలు, నిపుణులు అవసరం. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. ఇంత సూక్ష్మమైన కొలతను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వదలివేయడమే మేలు. కాని నమూనా తీయడాన్ని వదలివేయరాదు. బూజు విషం సరుకంతటా సమంగా ఉండదు, కొద్దిపాటి గింజలలో కేంద్రీకృతమై ఉంటుంది. ఒకే బస్తా నుండి దోసెడు గింజలు తీసి పంపితే, ఎంతటి ప్రయోగశాల అయినా తప్పుడు భరోసానే ఇస్తుంది.

చేతిలో ఉంచుకోవలసినవి

తూకం, తేమ కొలత, నమూనా సేకరణ, లాట్ల రిజిస్టరు, సభ్యుల విస్తీర్ణ వివరాలు, ధర నిర్ణయం: ఈ ఆరింటిని సంస్థ తన చేతిలోనే ఉంచుకోవాలి. వీటికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. సరిచూసిన కాటా, తేమ కొలిచే మీటరు, శిక్షణ పొందిన ఇద్దరు యువకులు చాలు. సరుకు అమ్మేవానికే తూకం, నాణ్యత నిర్ణయం అప్పగించినప్పుడు, తక్కిన ఒప్పందమంతా కాగితానికే పరిమితమవుతుంది.

విత్తనం పండించే రైతుతో వ్రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. బజారు ధరపై ఎంత అదనం, కనీస ధర ఎంత, డబ్బు ఎన్ని రోజులలో ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. బజారు పెరిగినప్పుడు రైతు సరుకును బయట అమ్ముకోవడం, తగ్గినప్పుడు సంస్థ నాణ్యత సాకుతో తిరస్కరించడం ఇటువంటి ఒప్పందాలను దెబ్బతీసే రెండు ప్రధాన కారణాలు. కావున నమూనాలను ఇరుపక్షాల సమక్షంలో తీసి, సీలు వేసి, ఒకటి రైతు వద్ద, ఒకటి సంస్థ వద్ద, ఒకటి మూడవ పక్షం వద్ద ఉంచాలి. మొలక పరీక్షలో విఫలమైన లాటును కనీసం నూనె మిల్లు ధరకైనా సంస్థ తీసుకొంటుందన్న షరతు రైతుకు రక్షణ. ముప్పు మొత్తాన్ని సాగుదారుపైకి నెట్టిన ఒప్పందం మరుసటి సంవత్సరం సాగుదారులను వెదుక్కోవలసి వస్తుంది.

ఏది బయటకు ఇవ్వాలన్న ప్రతి సందర్భంలోనూ సంస్థ పాలకవర్గం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పని నాణ్యతను సంస్థ స్వయంగా కొలవగలదా? అప్పగించిన వ్యక్తి విఫలమైతే ఆ సీజనులోనే మరొకరు దొరుకుతారా? ఖర్చు నిజంగా తగ్గుతుందా? మూడింటికీ అవును అన్న జవాబు వస్తే నిస్సంకోచంగా బయటకు ఇవ్వవచ్చు. రెండవ ప్రశ్నకు కాదు అన్న జవాబు వస్తే, ఎంత చౌక అయినా ఆ పని సంస్థ అధీనంలోనే ఉండాలి. పనిని అప్పగించవచ్చుగాని బాధ్యతను అప్పగించలేము. నేల పదునెక్కిన నాడు విత్తనం కోసం వచ్చే సభ్యునికి జవాబు చెప్పవలసినది సంస్థే.