బస్తా అంటే ఎన్ని కిలోలు? ఫోన్ గ్రాఫిక్స్ డ్రైవర్లలోనూ ఇదే పేచీ!

విశాఖపట్నం: పూర్ణా మార్కెట్‌కు వెళ్లి 'నాలుగు బస్తాల బియ్యం' అంటే సరిపోదు. ఎన్ని కిలోల బస్తానో కూడా చెప్పాలి. 25 కిలోల వరకు ఉండే, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో 26 కిలోల బస్తాలు కనిపించడం మొదలైంది. మాట అదే, తూకం మారింది. పాత లెక్కలో నాలుగు బస్తాలంటే 100 కిలోలు, కొత్త లెక్కలో 104.

సరిగ్గా ఇలాంటి పేచీయే మన ఫోన్లలో బొమ్మలు గీయించే గ్రాఫిక్స్ డ్రైవర్లలోనూ ఉంది. అదేంటో చూద్దాం.

అసలేంటీ డ్రైవర్?

గేమ్ ఆడినా, స్క్రీన్ పైకి కిందికి జరిపినా, ఆ బొమ్మలు గీసే పని ఎక్కువగా జీపీయూ అనే భాగానిది. యాప్‌కు జీపీయూ భాష రాదు. మధ్యలో దుబాసీలా పనిచేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్.

చిక్కేంటంటే, జీపీయూలన్నీ ఒక రకం కాదు. స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో అడ్రినో ఉంటుంది. చాలా మీడియాటెక్ ఫోన్లలో మాలి ఉంటుంది. వీటికి తోడు ఆండ్రాయిడ్, విండోస్, లైనక్స్ వేర్వేరు. ప్రతి జోడీకి మొదటి నుంచీ కొత్తగా రాసుకుంటూ పోతే పని తెమలదు. అందుకే ఒకే కోడ్ వీలైనన్ని చోట్ల నడిచేలా రాస్తారు. దాన్నే పోర్టబుల్ కోడ్ అంటారు. డ్రైవర్లలో ఎక్కువ భాగం సీ భాషలోనే ఉంటుంది.

ఎక్కడ దెబ్బ తింటుంది?

కొలత: సీ భాషలో 'లాంగ్' అనే రకం అంకె ఉంది. 64 బిట్ లైనక్స్‌లో అది 64 బిట్లు. 64 బిట్ విండోస్‌లో మాత్రం 32 బిట్లే. అచ్చం బస్తా లాంటిదన్నమాట. లైనక్స్‌లో పట్టిన పెద్ద అంకె విండోస్‌లో పట్టదు. దీనికి మందు 1999 నాటి సీ ప్రమాణంలోనే వచ్చింది. 'యూఇంట్32_టీ' అని రాస్తే ఎక్కడైనా కచ్చితంగా 32 బిట్లే. బస్తా అనకుండా కిలోలు చెప్పడం లాంటిదే ఇది.

గుర్తు: 'క్యార్' అనే చిన్న రకం ఇంటెల్ కంప్యూటర్ లైనక్స్‌లో మైనస్ 128 నుంచి 127 వరకు పడుతుంది. ఆర్మ్ చిప్ లైనక్స్‌లో 0 నుంచి 255 వరకు. ల్యాప్‌టాప్‌లో మైనస్ 1 అని దాచిన అంకె ఆర్మ్ బోర్డులో 255 అయిపోతుంది. 'సున్నా కన్నా తక్కువా?' అని చూసే షరతు ఇక ఎప్పటికీ నిజం కాదు.

ఖాళీలు: 4 బైట్ల అంకె పక్కన 8 బైట్ల అంకె పెడితే మొత్తం 12 కావాలి. 32 బిట్ ఇంటెల్ లైనక్స్‌లో 12కే సరిపోతుంది. 64 బిట్‌లో మధ్యలో 4 బైట్ల ఖాళీ వదిలి 16 చేస్తుంది. పాత 32 బిట్ యాప్ 12 బైట్లు పంపితే, 64 బిట్ కెర్నల్ 16 బైట్ల లెక్కన చదవబోతుంది. రెండో అంకె తప్పిపోతుంది. అందుకే లైనక్స్ కెర్నల్‌లో కొత్త డ్రైవర్ రాసేవాళ్లకు సూచన ఒకటే: సైజు ఖాయంగా ఉన్న రకాలే వాడండి, ఖాళీలను కూడా మీరే పేరు పెట్టి రాయండి.

వరస: 05-06 అని తేదీ చూస్తే జూన్ 5 అనాలా, మే 6 అనాలా? అంకెలోని బైట్లకూ ఇదే తంటా. కొన్ని మెషీన్లు చిన్న బైట్‌ను ముందు పెడతాయి, కొన్ని పెద్దదాన్ని. ఒక రంగు నాలుగు బైట్లలో ఉంటుంది. వరస తిరగబడితే రంగులన్నీ తారుమారు.

పేజీ: మెమరీని పేజీలుగా పంచుతారు. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం ఆ సైజు 4 కేబీ. చాలామంది 4096 అని కోడ్‌లో నేరుగా రాసేశారు. ఇప్పుడు 16 కేబీ పేజీలు వస్తున్నాయి. ఆండ్రాయిడ్ 15, ఆపై వాటి కోసం ప్లే స్టోర్‌కు పంపే కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 16 కేబీకి సిద్ధంగా ఉండాలని గూగుల్ 2025 నవంబర్ 1 నుంచి నిబంధన పెట్టింది. సిస్టమ్‌ను అడిగి తెలుసుకునేలా రాసినవాళ్లకు పని సులువైంది. అంకె గుచ్చేసినవాళ్లకు వెతుకులాట మిగిలింది.

మేసా ఏం చేసింది?

దీనికి పెద్ద ఉదాహరణ మేసా. బ్రయాన్ పాల్ 1993లో ఖాళీ సమయంలో మొదలుపెట్టి, 1995 ఫిబ్రవరిలో అందరికీ విడుదల చేశారు. కోడ్ అంతా బహిరంగమే. ఇందులో కిటుకు పని విభజన. అన్ని చిప్‌లకూ ఉమ్మడిగా ఉండే పని ఒకచోట, చిప్‌కు సంబంధించినది ఇంకోచోట, ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడే భాగం మరోచోట. కొత్త చిప్ వస్తే ఒక గదిలోనే మార్పులు, ఇల్లంతా కూల్చక్కర్లేదు. అడ్రినోకు ఫ్రీడ్రినో, మాలికి పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్లు ఇందులోనే ఉన్నాయి.

మనకేంటి లాభం?

ఫోన్ చిప్ బాగానే ఉంటుంది. కానీ దాని డ్రైవర్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తుంది. ఆ కోడ్ బయటివాళ్లకు కనిపించదు కాబట్టి సరిచేసే దారీ ఉండదు. కొత్త గేములు మొరాయిస్తాయి, ఫోన్ పాతసామానులోకి పోతుంది. కోడ్ బహిరంగంగా, పోర్టబుల్‌గా ఉంటే కంపెనీ వదిలేసిన చిప్‌ను కూడా ఇతరులు నడిపించొచ్చు. పదివేలు పెట్టి ఫోన్ కొన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకూ ఇందులో దారి ఉంది. క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, ఎన్విడియాలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. నేర్చుకోవడానికి ఖర్చు లేదు. రాసిన కోడ్‌ను జీసీసీ, క్లాంగ్ రెండింటితోనూ కంపైల్ చేయాలి. 32 బిట్, 64 బిట్ రెండూ చూడాలి. హెచ్చరికలన్నీ ఆన్ చేసి ఒక్కటీ మిగల్చకూడదు. బైట్ల వరస తిరగబడ్డ మెషీన్ ఎదురుగా లేకపోయినా, క్యూఈఎమ్‌యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటి మెషీన్‌లా నటించి కోడ్‌ను నడిపి చూపిస్తుంది.

సూత్రం ఒక్కటే: తన ల్యాప్‌టాప్‌లో నడిచిందంటే అన్నిచోట్లా నడిచినట్టు కాదు. కొలత, గుర్తు, ఖాళీ, వరస, పేజీ.. ఈ ఐదింట్లో దేన్నీ ఊహించుకోకూడదు. రాసి చెప్పాలి, లేదా మెషీన్‌నే అడగాలి.