గచ్చు చేయించే ముందు...

సొంతిల్లు కట్టుకోగానే చాలామంది ఖాళీజాగా అంతా గచ్చు చేయించేస్తారు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. ‘బురద ఉండదు, కారు పెట్టుకోవచ్చు’ అన్నారు మావారు. ‘సగం మీకు, సగం నాకు’ అన్నాను. ఇంటి విషయంలో నేను పట్టుబట్టి నెగ్గించుకున్నది అదొక్కటే. ఆ సగం జాగాయే వారంలో నాలుగు రోజులు మాకు కూర పెడుతోంది.

తోటకూర చల్లిన 30 రోజులకి కోతకొస్తుంది. బెండగింజలు రాత్రంతా నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తాయి, 45, 50 రోజులకి కాపు మొదలవుతుంది. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు వాటికే పోస్తాను.

సొరపిందెలు రాలిపోతున్నాయా? సొరపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ వేళ మగపువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి అద్దితే కాయ నిలుస్తుంది. పేనుబంకకి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లండి. టమాటా పక్కన బంతి వేస్తే పూలూ దక్కుతాయి, వేళ్లని పట్టే నులిపురుగులూ తగ్గుతాయి. మల్లెకి డిసెంబరు, జనవరిల్లో కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలం విరగబూస్తుంది.

ఇంకోమాట. అంతా గచ్చయితే వాననీళ్లన్నీ వీధి కాలవ పాలే. మట్టి ఉంటే అక్కడే ఇంకుతాయి. బోరు ఎండిపోతోందని వాపోయేవాళ్లం ఇది ఆలోచించొద్దూ!

అందుకే ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ఓ మూలైనా మట్టి వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి. గచ్చు పడ్డాక పగలగొట్టించడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.