కాజీపేటలో దిగిన పిల్లల పద్దు

ఇల్లు విడిచి పారిపోయిన పిల్లలకు, నిలువ నీడ లేక వీధుల్లో బతికే పిల్లలకు ప్రభుత్వ సొమ్ము ప్రధానంగా ఒకే పథకం నుంచి అందుతుంది. దాని పేరు మిషన్ వాత్సల్య. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో దీనికి చూపిన మొత్తం 1,500 కోట్ల రూపాయలు. అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. అదే ఏడాది కేంద్రం మొత్తం ఖర్చు అంచనా 50 లక్షల కోట్లు దాటింది కనుక, ప్రతి వంద రూపాయల్లో పిల్లల రక్షణకు దక్కింది మూడు పైసలు. అదీ పారిపోయిన పిల్లలకు మాత్రమే కాదు. అనాథలు, దత్తతకు వెళ్లే పసికందులు, వెట్టిచాకిరీ నుంచి విడిపించిన బాల కార్మికులు, నేరారోపణ ఎదుర్కొంటున్న మైనర్లు, దేశం మొత్తం మీద వీళ్లందరి వాటా ఆ మూడు పైసల్లోనే ఉంది.

వరంగల్ ప్రాంతానికి ఈ లెక్క దూరపు సంగతి కాదు. కాజీపేట జంక్షన్‌లో మూడు రైలు దారులు కలుస్తాయి. ఒకటి సికింద్రాబాద్ వైపు, ఒకటి బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు, ఒకటి వరంగల్, ఖమ్మం దాటి విజయవాడ వైపు పోతాయి. రైలెక్కిన పిల్లలు పెద్ద స్టేషన్లలోనే ఎక్కువగా దిగుతారు. అక్కడ రాత్రంతా వెలుతురు ఉంటుంది, తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, ఎవరైనా నిలదీస్తే ఎక్కడానికి ఇంకో బండి ఉంటుంది. కొట్టే తండ్రి, తాగి గొడవ చేసే ఇల్లు, తప్పిన పరీక్ష, హాస్టల్లో అవమానం, పనికి పంపిన చోట పెట్టిన బాధలు, ఊరు దాటితే డబ్బు సంపాదించవచ్చన్న ఆశ, ఇలా కారణాలు పిల్లకో తీరుగా ఉంటాయి.

తప్పిపోవడం వేరు, పారిపోవడం వేరు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల కోసం ప్రత్యేకంగా శిబిరాలు పెడతారు. మైకులో పేరు పిలుస్తారు, తల్లి పరుగున వస్తుంది, పిల్ల ఏడుపు ఆగుతుంది. అక్కడ పిల్లకూ ఇల్లే కావాలి, ఇంటికీ పిల్లే కావాలి. పారిపోయి వచ్చినవాడు అలా కాదు. పేరు అడిగితే ఇంకో పేరు చెబుతాడు, ఊరు అడిగితే రైల్లో విన్న ఊరు చెబుతాడు. వాడు నిజం చెప్పడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఆ వారం రోజులు వాడి దగ్గర ఓపికగా కూర్చునే మనిషికి జీతం ఇవ్వాలి. ఈ పనిలో అసలు ఖర్చంతా అక్కడే ఉంది.

చట్టం ఈ పిల్లలను నేరస్థులుగా చూడదు. హైదరాబాద్ రాష్ట్రానికి 1951లోనే బాలల చట్టం ఉంది. దేశమంతటికీ ఒకే చట్టం 1986లో వచ్చింది, కానీ అది ఇలాంటి పిల్లలను ‘నిర్లక్ష్యానికి గురైన బాలలు’ అంది. 2000లో వచ్చిన చట్టం ఆ మాట తీసేసి ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అని పిలిచింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఆ జాబితాలో తప్పిపోయిన, పారిపోయిన పిల్లలను విడిగా పేర్కొంది. అలాంటి పిల్లవాడు కనిపిస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి మొదటి తరగతి మెజిస్ట్రేటుకు ఉన్న అధికారాలు ఉన్నాయి. సమితి ఆదేశం మీద పదిహేను రోజుల్లో పిల్లవాడి ఇంటి పరిస్థితిపై నివేదిక రావాలి, నాలుగు నెలల్లో విచారణ ముగియాలి. పిల్లవాణ్ని బాలల హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గం కావాలన్నది ఈ చట్టం మూల సూత్రాల్లో ఒకటి.

చట్టం పెట్టిన ఈ గడువులన్నీ మనుషుల మీద ఆధారపడతాయి. ఇంటి పరిస్థితి చూసి రావడానికి ఒకరు మరిపెడకో, భూపాలపల్లికో, ఒక్కోసారి బిహార్‌కో వెళ్లాలి. హిందీ తప్ప రాని పిల్లవాడితో మాట్లాడగలవారు ఉండాలి. ఒక విచిత్రం కూడా ఉంది. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. ఇప్పుడు కాజీపేట స్టేషన్ హనుమకొండ జిల్లాలో, పది కిలోమీటర్ల దూరంలోని వరంగల్ స్టేషన్ వరంగల్ జిల్లాలో ఉన్నాయి. పిల్లవాడికి అది ఒకే ఊరు. ఏ స్టేషన్లో దిగాడన్న దాన్నిబట్టి వాడి బాధ్యత తీసుకునే జిల్లా యంత్రాంగం మారుతుంది.

డబ్బు విషయానికి వస్తే, 2009 దాకా అది చెల్లాచెదురుగా ఉండేది. వీధి బాలలకు ఒక పథకం, హోమ్‌లకు మరొకటి, పసిపిల్లల శిశు గృహాలకు ఇంకొకటి. వాటిని కలిపి 2009లో సమగ్ర బాలల పరిరక్షణ పథకం తెచ్చారు. జిల్లాల్లో నేటికీ చాలామంది నోట వినిపించే ‘ఐసీపీఎస్’ అదే. పేర్లు మారుతూ అది 2021–22 నుంచి మిషన్ వాత్సల్య అయింది. ఖర్చులో కేంద్రం 60 రూపాయలు పెడితే రాష్ట్రం 40 పెట్టాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఆ నిష్పత్తి 90, 10.

సొమ్ము ప్రయాణం పొడుగైనది. జిల్లాలో మహిళా, శిశు సంక్షేమ యంత్రాంగం లెక్కలు వేసి హైదరాబాద్‌కు పంపుతుంది. రాష్ట్రం అన్ని జిల్లాలవీ కూర్చి ఏడాది ప్రణాళికగా ఢిల్లీకి పంపుతుంది. అక్కడ ప్రాజెక్టు ఆమోద మండలి కూర్చుని ఇంత అని ఖాయం చేస్తుంది. తర్వాత వాయిదాల మీద కేంద్రం వాటా రాష్ట్రానికి వస్తుంది, రాష్ట్రం తన వాటా కలిపి ఈ పథకానికే కేటాయించిన ఒకే ఖాతాలో వేయాలి. ముందు ఇచ్చినదానికి ఖర్చు లెక్క చూపాకే తర్వాతి వాయిదా కదులుతుంది. దొంగలెక్కలు ఆపడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. కానీ గొలుసులో ఎక్కడ కాగితం ఆగినా ఆ భారం చివరన ఉన్నవారి మీదే పడుతుంది. కిరాణా కొట్టులో అప్పు పెట్టే హోమ్ నిర్వాహకులు, జీతం కోసం ఎదురుచూసే కాంట్రాక్టు ఉద్యోగి ఆ చివరివారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేసేవారే.

హోమ్‌లో ఉన్న పిల్లవాడికి ఎంత ఇస్తారో చూస్తే ఈ పథకం తత్వం తెలుస్తుంది. 2009లో తలకు నెలకు 750 రూపాయలు. 2014లో అది 2,000 అయింది. మిషన్ వాత్సల్యలో 3,000. అంటే రోజుకు వంద రూపాయలు. మూడు పూటల తిండి, బట్టలు, సబ్బు, నూనె, చిన్నాచితకా మందులు, పిల్లల రోజువారీ అవసరాలు ఆ వందలో సర్దాలి. సిబ్బంది జీతాలకు, భవనానికి, కొన్ని నిర్వహణ ఖర్చులకు విడిగా పద్దులున్నాయి. వందకు రోజు గడవడం ఎంత కష్టమో ఇల్లు నడిపేవారికి చెప్పనక్కరలేదు. దాతల బియ్యం బస్తాలు, పుట్టినరోజు భోజనాలు లేకుండా నడిచే హోమ్ అరుదు కావడానికి కారణం ఇదే.

పారిపోయి వచ్చిన పిల్లలకు హోమ్ కంటే ముందు కావాల్సింది ఓపెన్ షెల్టర్. పేరుకు తగ్గట్టే దాని తలుపులు తెరిచి ఉంటాయి. పగలు వచ్చి తిని, స్నానం చేసి, కాసేపు ఆడుకుని, రాత్రి పడుకోవచ్చు. సుమారు 25 మందికి ఒకటి చొప్పున పట్టణాల్లో వీటికి పథకంలో చోటుంది, చట్టంలోనూ ఉంది. బంధించినట్టు అనిపించే చోట పారిపోయిన పిల్లవాడు నిలవడు, గోడ దూకి మళ్లీ ప్లాట్‌ఫాం మీదికే చేరతాడు. అందుకే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండే ఓపెన్ షెల్టర్‌కు ఈ పనిలో సాటి లేదు. ప్రతి పెద్ద జంక్షన్ పక్కనా ఒకటి ఉండడం అవసరం. కాజీపేట లాంటి చోట అది మొదటి ఖర్చు కావాలి.

స్టేషన్లో పిల్లవాణ్ని మొదట గుర్తించేది రైల్వే రక్షణ దళం సిబ్బంది, టీటీఈలు, టీ అమ్మేవాళ్లు, పోర్టర్లు. రైల్వేతో సంబంధంలోకి వచ్చే పిల్లల విషయంలో ఏం చేయాలో 2015లో పద్ధతులు రాసుకున్నారు, 2021లో సవరించారు. రైల్వే రక్షణ దళం ఈ పనిని ‘నన్హే ఫరిష్తే’ పేరుతో చేస్తోంది. ఫోన్ నంబరు మాత్రం అందరికీ ఒకటే, 1098. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రయోగంగా మొదలైన ఈ చైల్డ్‌లైన్‌ను చాలాకాలం స్వచ్ఛంద సంస్థలు కేంద్ర గ్రాంటుతో నడిపాయి. 2023లో దీన్ని ప్రభుత్వ యంత్రాంగంలో కలిపి 112 అత్యవసర సేవకు అనుసంధానం చేశారు. బాధ్యత ప్రభుత్వానిదేనని తేలడం మంచిదే. ఏళ్ల తరబడి ప్లాట్‌ఫాంల మీద తిరిగి పిల్లల భాష నేర్చిన కార్యకర్తల అనుభవం ఆ మార్పులో చేజారకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ చేపడతారు. ఇటుక బట్టీలు, హోటళ్లు, బస్టాండ్లు, స్టేషన్లు గాలిస్తారు. నెల చివర ఇంతమందిని కాపాడామని లెక్క చెబుతారు. దొరికిన పిల్లల ఫొటోలను తప్పిపోయినవారి ఫొటోలతో పోల్చే ‘దర్పణ్’ అనే సాధనం కూడా 2018 నుంచి వాడుతున్నారు. ఇది మెచ్చదగిన పని. కాకపోతే పట్టుకోవడం నెల రోజుల పని, నిలబెట్టడం ఏళ్ల పని. ఇంటికి పంపిన పిల్లవాడు ఆరు నెలల తర్వాత ఎక్కడ ఉన్నాడన్న లెక్క కూడా అంతే శ్రద్ధగా ప్రకటించాలి.

పిల్లవాడు ఇంట్లోనే నిలవడానికి పథకంలో ఒక మంచి సాధనం ఉంది, అదే స్పాన్సర్‌షిప్. నెలకు 4,000 రూపాయలు కుటుంబానికి అందుతాయి. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించని కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. భర్త పోయిన తల్లుల పిల్లలతో పాటు పారిపోయిన పిల్లలు కూడా అర్హుల జాబితాలో ఉన్నారు. పేదరికం వల్ల చదువు మాని పనికి పోయి, అక్కడినుంచి పారిపోయిన పిల్లవాడికి ఈ సొమ్ము బడి దారి చూపగలదు. హోమ్‌లో ఉంచడానికయ్యే ఖర్చుతో పోల్చినా ఇదే మేలు. కొట్టే ఇంటికి డబ్బిచ్చి పంపితే మాత్రం లాభం లేదు. ఏ ఇంటికి పంపాలి, ఏ ఇంటికి పంపకూడదన్నది ఆ పదిహేను రోజుల నివేదికను ఎంత నిజాయితీగా రాశారన్న దాని మీదే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద లోటు పద్దెనిమిదేళ్ల గీత దగ్గర ఉంది. హోమ్‌లో పెరిగి 18 నిండిన యువతకు ఆఫ్టర్ కేర్ కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది 21 ఏళ్ల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 వరకు. అయితే చట్టం ప్రకారం అది హోమ్ నుంచి బయటికి వెళ్లేవారికి మాత్రమే. ఏనాడూ హోమ్ గడప తొక్కని యువకుడికి అందులో చోటు లేదు. పట్టణాల్లో ఇల్లు లేనివారికి రాత్రి బస కల్పించాలన్న సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు వంద మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలంది. 2011 లెక్కల ప్రకారమే వరంగల్ నగర జనాభా ఎనిమిది లక్షలు కనుక ఆ నియమం ఇక్కడికీ వర్తించింది. కానీ ఆ షెల్టర్లలో ఉండేది కూలీలు, ముసలివాళ్లు, రోగులు. పద్దెనిమిదేళ్ల పిల్లకో పిల్లవాడికో కావాల్సిన చదువు, పని నేర్పు, ధైర్యం చెప్పే మనిషి అక్కడ ఉండరు.

అమెరికా ఈ గీతను వేరేగా గీసింది. 1974లో అక్కడి కాంగ్రెస్ పారిపోయిన యువత కోసమే ఒక చట్టం చేసి, తాత్కాలిక ఆశ్రయాలు నడిపే సంస్థలకు నేరుగా గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆశ్రయంలో 21 రోజుల దాకా ఉండవచ్చు. 1988లో దానికి మరో భాగం చేర్చారు. ఇల్లు లేని 16 ఏళ్లవారి నుంచి 22 నిండనివారి దాకా ఏడాదిన్నర పాటు బస ఇచ్చి, సొంత కాళ్ల మీద నిలబడే పనులు నేర్పుతారు. హోమ్‌లో పెరిగారా లేదా అని అడగరు, ఇల్లు లేకపోవడమే అర్హత.

ఇక్కడ మాత్రం పదిహేడేళ్ల పదకొండు నెలలకు కాజీపేటలో రైలు దిగిన పిల్లవాడి కోసం ఒక చట్టం, ఒక సమితి, ఒక పడక, రోజుకు వంద రూపాయలు ఉన్నాయి. అదే పిల్లవాడు అదే ప్లాట్‌ఫాం మీద రెండు నెలలు ఆలస్యంగా తొలిసారి దిగితే, ఈ పథకంలో వాడి పేరిట ఒక్క రూపాయి లేదు. మిషన్ వాత్సల్య తదుపరి సవరణలో ఈ లోటును పూడ్చాలి.