జహీరాబాద్‌లో యూత్ అంబాసిడర్ అయితే చేయాల్సిన పని ఏంటి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా జహీరాబాద్, ఝరాసంగం, న్యాల్‌కల్, కోహీర్, మొగుడంపల్లి వైపు వాళ్ళ కోసం. మిగతావాళ్ళు మీ ఊరి పేరు పెట్టుకుని వినండి, చాలావరకు సరిపోతుంది.

యూత్ అంబాసిడర్ అనీ, యువ వలంటీర్ అనీ ఈమధ్య మన పిల్లల్ని రకరకాల పేర్లతో పిలుస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబర్ 31న మై భారత్ అనే వేదిక మొదలుపెట్టింది. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళు ఎవరైనా అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు కూడా తీసుకుంటుంటాయి. చేరితే నిరుద్యోగం విషయంలో నిజంగా ఏమన్నా చేయగలమా? ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

ఉద్యోగం లేనోణ్ణి పట్టుకుని, జీతం లేకుండా నిరుద్యోగం మీద పనిచెయ్ తమ్ముడూ అంటే నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చింది. అందుకే నా మొదటి షరతు: వారానికి ఒక్క పూట. అంతకుమించి అడిగితే అది జీతం ఇచ్చి చేయించుకోవాల్సిన పని, మొహమాటం లేకుండా ఆ మాట చెప్పేయండి.

ఇక లెక్కలు. 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో 15-29 ఏళ్ళ వాళ్ళలో నిరుద్యోగం 10.2 శాతం. తెలంగాణలో అంతకంటే ఎక్కువే. ఈ లెక్కలోకి వచ్చేది పని వెతుక్కునేవాళ్ళు, పని దొరికితే చేస్తామనేవాళ్ళు మాత్రమే. విసిగిపోయి, పని దొరికినా వద్దనుకుని ఇంట్లో కూర్చున్నవాడు ఇందులో లేనే లేడు. గ్రూప్-4 గుర్తుందా? 8,180 పోస్టులకి తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే 2022లో రాసింది పేపర్ లీకేజీతో రద్దు, 2023లో మళ్ళీ రాసింది హైకోర్టు తీర్పుతో రద్దు. ఆ రెండేళ్ళు అశోక్‌నగర్ రూముల్లో అద్దె కట్టినవాళ్ళు మీ ఊర్లో కూడా ఉండే ఉంటారు.

కానీ జహీరాబాద్ పరిస్థితి వేరు. ఇక్కడ ఫ్యాక్టరీలు లేక కాదు సమస్య. 1980లలోనే ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు ఇక్కడ తయారయ్యాయి, తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్ళింది, ఇప్పుడు ట్రాక్టర్లు కూడా ఇక్కడ తయారవుతున్నాయి. దానిమీద నిమ్జ్, అంటే జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి. మొత్తం ప్లాన్ 12,635 ఎకరాలు. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఆమోదించిన పారిశ్రామిక ప్రాంతం అందులో 3,245 ఎకరాలు, ఖర్చు 2,361 కోట్లు, ఉపాధి అంచనా 1.74 లక్షల మంది. అంచనా అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అంచనాకి అపాయింట్‌మెంట్ లెటర్ రాదు. ఆ కుర్చీల్లో కూర్చునేది న్యాల్‌కల్ అమ్మాయా, వేరే రాష్ట్రం నుంచి కాంట్రాక్టర్ బస్సులో దించిన కుర్రాడా అనేది ఇంకా తేలలేదు.

నా మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాకు కాలేజీ సీనియర్ రిఫరల్‌తో వచ్చింది. ఓపెనింగ్ ఉందని చెప్పినవాడు ఒకడున్నాడు కాబట్టి నేను అప్లై చేశాను. అదే ఝరాసంగంలో ఐటీఐ ఫిట్టర్ చేసిన పిల్లాడికి ఆ సీనియర్ ఎవరు? ఇంట్లో చెరకో, అల్లమో, ఆలుగడ్డో వేసే నాన్న. ఫ్యాక్టరీలో తెలిసినోళ్ళు ఎవరూ లేరు. నా లెక్కలో అంబాసిడర్ అంటే ఆ పిల్లాడికి దొరికిన సీనియర్. మోటివేషన్ స్పీచులు అక్కర్లేదు, యూట్యూబ్‌లో మాలాంటోళ్ళు చాలామందిమి ఉన్నాం.

ఉదాహరణకి అప్రెంటిస్‌షిప్ చూడండి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. కాంట్రాక్టు వాళ్ళూ ఆ సిబ్బంది లెక్కలోకి వస్తారు. వెయ్యి మంది ఉన్న ఫ్యాక్టరీ కనీసం 25 మందిని తీసుకోవాలన్నమాట. ఇది దయ కాదు, చట్టం. ఆ నిబంధనల్లో డిగ్రీ వాళ్ళకి నెలకి కనీస స్టైపెండ్ 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 పెట్టారు. చాలామందికి ఇది తెలీదు. తెలిసినోళ్ళు కూడా ఫామ్ దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పదో తరగతి మెమోలో వెనకుంది. లేదా బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ కాలేదు. కేంద్రం తన వాటాగా ఇచ్చే స్టైపెండ్ నేరుగా ఆధార్ లింక్ అయిన ఖాతాలోకే పడుతుంది, కాబట్టి లింక్ లేకపోతే ఆ డబ్బు రాదు. శనివారం పొద్దున మీసేవ దగ్గర ఇద్దరి పేర్లు సరిచేయించారంటే ఆ వారం మీ పని అయిపోయినట్టే.

ఇంకో పని ఉంది, దీన్ని ఎవరూ అంబాసిడర్ పని అనుకోరు. భూములు పోయిన ఇళ్ళు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్‌లో ఏముందంటే, ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వస్తే, బాధిత కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇవ్వాలి, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ళ పాటు నెలకి 2,000కి తగ్గకుండా. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకునే హక్కు కుటుంబానిది. అయితే అన్ని భూములూ ఆ చట్టం కింద తీసుకున్నవి కావు, కొన్ని ప్రభుత్వం నేరుగా కొన్నది. అందుకే ముందు ఆ ఇంటి కాగితం చూడాలి. ఏ దారిలో తీసుకున్నారు, ఏం రాసి ఇచ్చారు, శిక్షణ మాట ఉందా. చదివి తెలుగులో అర్థమయ్యేలా చెప్పండి చాలు. వాదించడం మీ పని కాదు, దానికి వకీలు ఉన్నాడు, న్యాయ సేవా సంస్థ ఉంది.

భాష సంగతి. ఈ పక్కన ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడ, వీధి చివర ఉర్దూ. వాట్సాప్ గ్రూపులో ఇంగ్లిష్ పీడీఎఫ్ పడేస్తే ఎవరూ తెరవరు. దీనికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. మాచ్‌నూర్‌లో సంఘం రేడియో, 90.4. 2008 అక్టోబర్ 15న మొదలైంది, ఊరి దళిత మహిళలే నడుపుతున్నారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి వాళ్ళు మాట్లాడే భాష అమ్మకి అర్థమవుతుంది. ఉద్యోగం కబురు కూడా అలాగే చెప్పాలి. మరీ ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్ళల్లో. అక్కడ అడిగేది జీతం ఎంత అని కాదు. షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతుంది, బస్సు ఉందా, తోడు ఎవరొస్తారు. వీటికి జవాబు తెలుసుకోకుండా ఇంటికెళ్ళొద్దు. అమ్మాయి అంబాసిడర్ వెళ్తే మాట లోపలి గది దాకా పోతుంది.

డబ్బు విషయం ఖచ్చితంగా చెప్పాలి. ఎక్కడ కొత్త ఫ్యాక్టరీ బోర్డు లేస్తే అక్కడ యాభై వేలు ఇవ్వు, పర్మనెంట్ చేయిస్తా అనేవాడు పుడతాడు. మీరు ఎవరి దగ్గరా టీ డబ్బులు కూడా తీసుకోవద్దు, ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వొద్దు, ఎవరి సర్టిఫికెట్ ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకోవద్దు. ఏ కోచింగ్ సెంటర్‌కీ, ఏ పార్టీకీ మీ ఫోన్ నంబర్ల లిస్ట్ ఇవ్వొద్దు. ఆ లిస్ట్ మీద చాలామంది కన్ను ఉంటుంది, చెప్తున్నా.

లిస్ట్ ఎందుకంటారా? యూరప్‌లో 2013 నుంచి ఒక పద్ధతి ఉంది, యూత్ గ్యారంటీ అంటారు. చదువు అయిపోయిన, లేదా పని పోయిన కుర్రాడికి నాలుగు నెలల లోపు ఉద్యోగమో, అప్రెంటిస్‌షిప్పో, శిక్షణో, పైచదువో ఏదో ఒకటి చూపిస్తామని ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. మన దగ్గర ఆ గ్యారంటీ లేదు. కానీ ఆ నాలుగు నెలల గడువు మనం అరువు తెచ్చుకోవచ్చు. మీ ఊర్లో ఈ ఏడాది ఇంటర్, ఐటీఐ, డిగ్రీ, బీటెక్ అయిపోయినవాళ్ళ పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయండి. నాలుగు నెలల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఎవరి పేరు పక్కన ఇంకా ఖాళీ ఉందో, ఆ శనివారం వాళ్ళింటికి వెళ్ళండి.

వచ్చే ఎపిసోడ్‌లో అప్రెంటిస్‌షిప్ ఫామ్ స్క్రీన్ మీద మొదటి నుంచి చివరి దాకా నింపి చూపిస్తా. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని కూర్చోండి.