స్వారీకి ముందు గుర్రం హక్కు

వినోదమంటే కాలాన్ని వృథా చేయడమేనని మన పెద్దల్లో కొందరి అభిప్రాయం. కానీ వినోదాలన్నీ ఒకే కోవకు చెందవు. మనిషి పొద్దుపుచ్చే ఆటల్లో చాలావరకు నిష్ఫలమైనవేనని చెప్పిన దైవప్రవక్త ముహమ్మద్ (స), విలువిద్యను, గుర్రానికి శిక్షణనివ్వడాన్ని, భార్యతో సరదాగా గడపడాన్ని వాటి నుండి మినహాయించారు. గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు మన స్వారీ కోసం, శోభ కోసం సృష్టించబడ్డాయని దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 8వ ఆయత్ తెలుపుతోంది.

మదీనాలో గుర్రపు పరుగుపందేలు కూడా జరిగాయి. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియతుల్ వదా వరకు, శిక్షణ లేనివాటికి సనియతుల్ వదా నుండి బనూ జురైఖ్ మస్జిద్ వరకు మాత్రమే దూరం నిర్ణయించారు. ఆ పందెంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కూడా పాల్గొన్నారు. గమనించండి! దూరాన్ని నిర్ణయించినది రౌతు ఉత్సాహం కాదు, గుర్రం శక్తి. స్వారీ మర్యాద అంతా ఈ ఒక్క విషయంలో ఇమిడి ఉంది.

నాటి నగరంలో గుర్రం

మన హైదరాబాదుకు గుర్రం కొత్త కాదు. మౌలాలీలో జరిగే గుర్రపు పందేలు 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ అశ్విక దళం పాలస్తీనా రంగం దాకా వెళ్ళింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్విక దళాల జ్ఞాపకార్థం నిలిపినదే. సామాన్యుడికైతే ఝట్కాయే గుర్రంతో ఉన్న బంధం. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా సేవ ప్రారంభించింది. ఆ తరువాత మోటారు చప్పుడు పెరిగేకొద్దీ గిట్టల చప్పుడు తగ్గుతూ వచ్చింది.

నేడు పాతబస్తీ వీధుల్లో గుర్రం ఎక్కువగా కనిపించేది బారాత్‌లోనే. కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలు, చెవులు చిల్లులుపడే బాజాలు, మర్ఫా దరువుల నడుమ తెల్లని నుకరా గుర్రం గట్టి తారురోడ్డుపై గంటల తరబడి నిలబడుతుంది. ముహూర్తాల కాలం ముగిశాక ఆ గుర్రాన్ని పోషించడం యజమానికి భారమవుతుంది. అందుకే కొందరు సెలవు రోజుల్లో నగరం వెలుపల స్వారీకి అద్దెకిస్తారు.

ఐదు గుర్రాలు, నాలుగు జీనులు

గత శీతాకాలంలో మద్రసా పరీక్షలు ముగిశాక మేము ఐదుగురు మిత్రులము అలా స్వారీకి వెళ్ళాము. ఇద్దరు బోధకులు, ఒక యునానీ హకీం, ఒక అత్తరు వ్యాపారి, ఒక దర్జీ. అందరమూ షాలిబండా ప్రాంతం వారమే. ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆరాంఘర్ చౌరస్తా మీదుగా హిమాయత్ సాగర్ వైపు సాగాము. 1908 నాటి మూసీ వరదల అనంతరం నగర రక్షణ కోసం తలపెట్టిన రెండు జలాశయాల్లో ఇది ఒకటి; ఈసీ నదిపై 1927లో పూర్తయింది. ఆ పరిసరాల మట్టిబాటలు గుర్రాల గిట్టలకు తారురోడ్డు కన్నా ఎంతో మేలు.

మాట్లాడుకున్న ప్రకారం ఐదు గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి. అయితే జీను బిగించబోతుండగా మా హకీం సాబ్ ఒక గుర్రం పొట్ట కింద చేయిపెట్టి చూశారు. పటకా ఒరుసుకొని చర్మం లేచిపోయి ఉంది. తాకగానే ఆ మూగజీవి చెవులు వెనక్కి వాల్చి ఒళ్ళు ముడుచుకుంది.

“దీన్ని ఎక్కము భాయ్, విశ్రాంతినివ్వండి” అన్నారు హకీం సాబ్.

గుర్రపు మనిషి ముఖం వాడిపోయింది. “నాలుగింటికే కూలీ ఇస్తే ఐదోదాని దాణా ఎవరిస్తారు, మౌల్వీసాబ్? పెళ్ళిళ్ళు లేక నెలరోజులైంది” అన్నాడు.

అతని మాటలో అబద్ధం లేదు. గుర్రం మీద జాలితో దానిని వదిలి వెళ్ళడం సులభమే. కానీ ఆ జాలికి మూల్యం పేదవాడు చెల్లించినట్లయితే, మరునాడు అదే పుండు మీద మరొకరి కోసం జీను బిగుస్తుంది. అందుకే ఐదింటి కూలీ ఇచ్చి నాలుగింటినే ఎక్కాలని నిర్ణయించుకున్నాము. పుండు మానేదాకా జీను వేయనని అతను మాట ఇచ్చాడు. హకీం సాబ్ గాయాన్ని ఉప్పునీటితో కడిగించి, పశువైద్యునికి చూపించమని చెప్పి, అందుకు కూడా కొంత సొమ్ము అతని చేతిలో పెట్టారు.

ఇక ఐదుగురిలో ఒకరు నడవాలి. ఈ సందర్భంలో బద్ర్ ప్రయాణం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఆనాడు ఒంటెలు తక్కువ. ఒకే ఒంటెపై దైవప్రవక్త (స), హజ్రత్ అలీ (రజి), హజ్రత్ అబూ లుబాబా (రజి) వంతులవారీగా ప్రయాణించారు. మీ వంతు కూడా మేమే నడుస్తామని సహచరులు విన్నవించుకుంటే, తాను వారికన్నా బలహీనుణ్ణి కాననీ, పుణ్యఫలం అవసరం తనకూ ఉందనీ ఆయన సెలవిచ్చారు.

మేమూ వంతులు వేసుకున్నాము. స్వారీ దుఆ పఠించి బయలుదేరాము. జంతువును మనకు వశపరచినవాడు అల్లాహ్ యేననీ, అది మన శక్తికి మించిన పని అనీ ఒప్పుకోవడమే ఆ దుఆ సారాంశం. విచిత్రమేమిటంటే, ఆనాటి ముచ్చట్లకు ప్రాణం పోసినవాడు నడిచేవాడే. ఇరుకు బాటలో గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి సాగుతుంటే రౌతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. నడిచేవాడు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఒకరి మాట మరొకరికి చేరవేశాడు. దౌడు తీయించాలని దర్జీ మిత్రుడు ఉబలాటపడినా, నడిచేవాణ్ణి వదిలి పోలేక ఆగిపోయాడు.

పొద్దెక్కాక ఒక చెట్టు కింద దిగాము. ముందుగా గుర్రాల పటకాలు వదులు చేసి, నీళ్ళు పెట్టించాము. ఆ తరువాతే మా ఖిచ్డీ, ఖీమా, ఖట్టా డబ్బాలు తెరిచాము. గుర్రపు మనిషినీ మాతోపాటు దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోబెట్టుకున్నాము. జొహ్ర్ నమాజు ఆ గడ్డి మీదే చేసి తిరుగుముఖం పట్టాము.

ఎక్కేవారు చూడవలసినవి

పిల్లలతో, మిత్రులతో స్వారీకి వెళ్ళదలచినవారు జీను ఎక్కడానికి ముందు ఐదు నిమిషాలు కేటాయించాలి. వీపు మీద, పొట్ట కింద, కళ్లెం తగిలే నోటి మూలల్లో పుండ్లున్నాయేమో చూడండి. నాలుగడుగులు నడిపించి కుంటుతోందేమో గమనించండి. లాడాలు వదులై ఉంటే ఎక్కకండి. రౌతు, జీను కలిసి గుర్రం బరువులో ఐదో వంతు మించరాదన్నది అనుభవజ్ఞుల లెక్క. 350 కిలోల గుర్రానికి 70 కిలోలే పరిమితి. దానికి రోజుకు 25 లీటర్లకు పైగా నీరు కావాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. పాడైన దాణా దాని ప్రాణాలకే ముప్పు. గాయపడిన జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన తెలుగు సామెత. పని లేకుండా తినేవారిని ఎత్తిపొడవడానికి దానిని వాడుతాము. కానీ గుర్రం పక్షాన నిలబడి వింటే అందులో న్యాయం ఉంది. పని చేసిన రోజు ఎలాగో, చేయలేని రోజు కూడా దాణా దాని హక్కే. ఆకలితో, అధిక శ్రమతో కుమిలిన ఒంటె కన్నీరు తుడిచి, దాని యజమానిని అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించిన ప్రవక్త (స) అనుచరులము మనం. జంతువుల వీపులను ఉపన్యాస వేదికలుగా చేసుకోరాదని కూడా ఆయన బోధించారు. గంటల తరబడి కదలకుండా నిలబడే బారాత్ గుర్రాన్ని చూసినప్పుడల్లా ఈ బోధన మనకు జ్ఞాపకం రావాలి.

కనుక సోదరులారా, సోదరీమణులారా! మీ ఇంట వివాహం జరిగితే గుర్రాన్ని పిలిచే ముందు ఆలోచించండి. పిలిస్తే వీధి చివరి వరకే పరిమితం చేయండి, నీళ్ళు పెట్టించండి, కూలీలో కోత పెట్టకండి. స్వారీకి వెళితే మీ పిల్లవాని చేత ముందుగా గుర్రానికి నీళ్ళు పెట్టించండి, ఆ తరువాతే ఎక్కనివ్వండి. మూగజీవుల హక్కులు గుర్తెరిగి మసలుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.