ఓటు తనది... వేలూ తనదే!

‘ఎవరికేశావ్?’
ఓటేసి బూత్ బయటికొచ్చిన వాళ్లని ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. భార్యకి భర్త చెప్పడు, తండ్రికి కొడుకు చెప్పడు. చెప్పక్కర్లేదు కూడా. ఆ గుట్టే ఓటుకి బలం.

కానీ చూపులేని ఓటరుకి చాలాకాలం ఆ గుట్టు లేదు. వెంట వచ్చిన మనిషే లోపలికెళ్లి బటన్ నొక్కాలి. చెప్పిన గుర్తుకే నొక్కారా, వేరే గుర్తుకి నొక్కారా? అంతా నమ్మకం మీదే! ఒకవేళ సరిగ్గా నొక్కినా, ఆ ఓటు ఎవరికి పడిందో ఇంకొకరికి తెలిసిపోయినట్లే కదా.

ఆసిఫ్‌నగర్‌లో అలా...
ఆ పరిస్థితి మారిన కథలో మన హైదరాబాద్‌కీ చోటుంది. 2004లో డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ అనే సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. పోలింగ్ కేంద్రాల్లో చక్రాల కుర్చీలు వెళ్లేలా ర్యాంపులు కట్టాలని కోర్టు ఆదేశించింది. ఓటింగ్ యంత్రాల మీద బ్రెయిలీ అంకెలు ఉండాలన్న డిమాండూ అప్పుడే ముందుకొచ్చింది. అదే ఏడాది ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో ఎన్నికల సంఘం బ్రెయిలీ యంత్రాలను ప్రయోగాత్మకంగా వాడి చూసింది. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాల్లోనూ పరీక్షించి, 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటికీ తెచ్చింది. నియోజకవర్గాల పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ పేరు పోయినా, అక్కడ చేసిన ప్రయోగం మాత్రం నిలిచింది.

పద్ధతి తేలికే. బ్యాలెట్ యూనిట్ మీద నీలం బటన్ల పక్కనే బ్రెయిలీలో అంకెలుంటాయి. అభ్యర్థుల పేర్లు, పార్టీలు వరసగా ఉన్న బ్రెయిలీ నమూనా బ్యాలెట్‌ను ప్రిసైడింగ్ అధికారి దగ్గర అడిగి తీసుకోవాలి. దాన్ని వేళ్లతో చదువుకుని, తనకు నచ్చిన అభ్యర్థి ఎన్నో నంబరో గుర్తుపెట్టుకోవాలి. యంత్రం దగ్గరికెళ్లి ఆ అంకెను తడిమి, బటన్ నొక్కాలి. ‘బీప్’ వినిపించిందంటే ఓటు పడినట్లే!

తోడు ఎవరు రావొచ్చు?
పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు. కొందరికి చేతులు సహకరించవు. గుర్తు పోల్చుకోలేని, బటన్ నొక్కలేని ఓటర్లు ఒకరిని తోడు తీసుకెళ్లొచ్చని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. వచ్చేవారికి 18 ఏళ్లు నిండాలి. ఓటు రహస్యం బయటపెట్టనని, ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్లలేదని రాసివ్వాలి. ఊళ్లో పెద్దమనిషి ఒక్కడే పదిమందికి తోడెళ్లి పది ఓట్లూ తనే వేసేయకుండా పెట్టిన కట్టడి అది.

ఒక్క విషయం. తోడు కావాలా వద్దా అన్నది ఓటరు ఇష్టం. చూపు లేదనగానే ‘ఎవర్నైనా పిలుచుకురండి’ అంటే, ‘నేనే వేస్తాను, బ్రెయిలీ పత్రం ఇవ్వండి’ అని అడగొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా ‘నీకెందుకు శ్రమ, నేనేస్తాలే’ అనే ముందు ఒకసారి ఆలోచించాలి. ఆ మాటలో ప్రేమే ఉండొచ్చు... ఓటు మాత్రం ఆయనది!

ఇంటికే వచ్చే బ్యాలెట్
మంచం దిగలేని వాళ్ల సంగతి? వాళ్ల కోసం 2019లో నిబంధనలు మార్చారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇంటి నుంచి ఓటేసే వీలు తొలిసారి దేశమంతటా వచ్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికీ, 85 ఏళ్లు దాటినవారికీ ఈ అవకాశం ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఫారం 12డీ నింపి ఇవ్వాలి. సిబ్బందే ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారు. ఆ తతంగాన్ని వీడియో తీస్తారు, ఓటు వేసే క్షణాన్ని మాత్రం కాదు.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. ఒకసారి దీనికి ఒప్పుకుంటే మళ్లీ బూత్‌కెళ్లి ఓటేయడం కుదరదు. పైగా ఇంటికొచ్చేది కాగితం బ్యాలెట్, పెన్నుతో గుర్తు పెట్టాలి. నడవలేని వాళ్లకి అది వరమే. నడవగలిగి, బ్రెయిలీ వచ్చిన అంధులకి మాత్రం బూత్‌లోని యంత్రమే మేలు.

ముందే చేసుకోవాల్సిన పని
2024 మార్చి నాటికి దేశంలో ఓటర్ల జాబితాలో దివ్యాంగులుగా నమోదైనవారు 88.4 లక్షలు. జాబితాలో అలా నమోదైతేనే ఏ బూత్‌లో ఎవరికి ఏ ఏర్పాటు కావాలో అధికారులకు ముందే తెలుస్తుంది. నమోదు కానివాళ్లు ఫారం 8 ఇస్తే చాలు. చక్రాల కుర్చీ కావాలన్నా, బూత్‌కి తీసుకెళ్లే వాహనం కావాలన్నా ఎన్నికల సంఘం యాప్‌లో అడగొచ్చు. ఫోన్‌తో పడనివాళ్లు బూత్ స్థాయి అధికారికి చెప్పొచ్చు, 1950 నంబరుకి ఫోన్ చేయొచ్చు. పోలింగ్ రోజున వరసలో నిలబడక్కర్లేదు, ముందుగా లోపలికి పంపిస్తారు.

పోలింగ్ కేంద్రాలన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చెబుతోంది. వేలే లేనివాళ్ల గురించీ నిబంధనలున్నాయి. ఎడమ చూపుడు వేలు లేకపోతే ఆ చేతిలోని మరో వేలికి, అదీ లేకపోతే కుడిచేతి వేలికి సిరా పెడతారు. రెండు చేతులకీ వేళ్లు లేకపోతే ఉన్న చేతి చివర పెడతారు.

ఇన్ని చేసినా ఒక లోటు మిగిలింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని బూత్‌లకీ వీవీప్యాట్ వచ్చింది. బటన్ నొక్కగానే ఏ గుర్తుకి ఓటు పడిందో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. చూపున్నవాళ్లు చూసి తృప్తి పడతారు. చూపులేని ఓటరుకి ఇప్పటికీ ఆ ‘బీప్’ ఒక్కటే ఆధారం. ఆ చీటీ చెప్పేది చెవికి వినిపించే రోజు రావాలి.

అప్పటిదాకా, తన వేలితో తనే బటన్ నొక్కి బయటికొచ్చిన అంధ ఓటరుని ‘ఎవరికేశావ్?’ అని అడిగి చూడండి. అందరిలాగే ఆయనా నవ్వి ఊరుకుంటాడు.