కోకాపేటలో ఏడాది ఇంటర్న్‌షిప్: అపోహలు – వాస్తవాలు

కోకాపేట అనగానే చాలామందికి గుర్తొచ్చేది భూముల ధర. 2023 ఆగస్టులో జరిగిన నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. అయితే ఇప్పుడు ఇక్కడ కనిపించే అద్దాల మేడలు లేవకముందు నుంచీ ఇక్కడ ఇంజినీరింగ్ చదువు ఉంది. 1979లో మొదలైన సీబీఐటీ కాలేజీ ఉన్నది ఈ గ్రామ పరిధిలోనే, పక్కనే ఎంజీఐటీ. క్లాస్‌రూమ్‌కీ కంపెనీకీ మధ్య ఇప్పుడు కొద్ది కిలోమీటర్లే. అయినా ఏడాదిపాటు కంపెనీలో పనిచేస్తూ నేర్చుకోవడం అంటే ఏమిటో పిల్లలకూ తెలియడం లేదు, తల్లిదండ్రులకూ తెలియడం లేదు. నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో, కొత్తగా వచ్చే విద్యార్థులకు పని చూపించే బాధ్యత మా టీమ్‌లో నాది. ఏటా వాళ్ల నోట వినే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఏడాది కంపెనీలో ఉంటే చదువు వెనకబడుతుంది.

వాస్తవం: పనిని చదువులో భాగం చేయడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ టెక్నికల్ కాలేజీ 1903లోనే కొన్నాళ్లు కాలేజీ, కొన్నాళ్లు ఫ్యాక్టరీ అనే పద్ధతి పెట్టింది. మన దేశంలో బిట్స్ పిలానీ 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. దాని రెండో దశలో విద్యార్థి దాదాపు ఐదున్నర నెలలు కంపెనీలో ఉంటాడు, ఆ పనికి గ్రేడు కూడా వస్తుంది. 2008లో వచ్చిన హైదరాబాద్ క్యాంపస్‌లోనూ ఇదే పద్ధతి. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. ఏడాదిపాటు చేయాలంటే సాధారణంగా రెండు దారులు. కాలేజీ ఒప్పుకుంటే ఫైనలియర్ రెండు సెమిస్టర్లలో చేయవచ్చు, లేదా డిగ్రీ చేతికొచ్చాక 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరవచ్చు. కాలేజీ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఆఫర్ ఒప్పుకుంటే మాత్రం అటెండెన్సూ క్రెడిట్లూ రెండూ చిక్కులో పడతాయి. అప్పుడు వెనకబడతారన్న మాట నిజమే అవుతుంది.

అపోహ: ఇంటర్న్‌కు అసలు పని ఇవ్వరు. మూలన కూర్చోబెడతారు.

వాస్తవం: రెండు నెలల సమ్మర్ ఇంటర్న్‌షిప్ విషయంలో ఈ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్, వీపీఎన్, యాక్సెస్‌లు వచ్చేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. టీమ్‌ను అర్థం చేసుకునేలోగా వీడ్కోలు రోజు వచ్చేస్తుంది. ఏడాది ఉండేవాళ్ల కథ వేరు.

మొదట చేతికొచ్చేది చిన్న బగ్. దాన్ని సరిచేసి పుల్ రిక్వెస్ట్ పెడితే సీనియర్ల నుంచి వరసగా కామెంట్లు వస్తాయి. పేరు సరిగా పెట్టలేదని, టెస్ట్ రాయలేదని, ఇన్‌పుట్ ఖాళీగా వస్తే ఏమవుతుందని అడుగుతారు. కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ అయితే మార్కులు పడతాయి. ఇక్కడ రన్ అయ్యాకే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. నాలుగైదు నెలలకు సొంతంగా ఒక ఫీచర్ ఇస్తారు. సగం రాశాక కస్టమర్ అవసరం మారుతుంది, రాసింది తీసేయాల్సి వస్తుంది. ఇంకొన్నాళ్లకు, తాను రాసిన కోడే రద్దీ పెరిగిన రోజున కుప్పకూలుతుంది. అర్ధరాత్రి లాగ్‌లు చదువుతూ తప్పెక్కడుందో వెతకాల్సిన పరిస్థితి వస్తుంది. తన పని జనం చేతికి వెళ్లాక ఏమవుతుందో చూడటం రెండు నెలల్లో దొరకని చదువు. అందుకే ఏడాది కావాలంటాను.

విసుగు పుట్టించే పనులూ ఉంటాయి. టెస్ట్ కేసులు రాయాలి, డాక్యుమెంట్లు సరిదిద్దాలి, ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన కోడ్ చదవాలి. వీటిని చిన్నచూపు చూడవద్దని ప్రతి విద్యార్థినీ బతిమాలుకుంటాను. పరాయి కోడ్ చదవగలగడమే ఈ ఉద్యోగంలో సగం. ఈ మధ్య ఏఐ టూల్ ఇచ్చిన కోడ్‌ను ఉన్నదున్నట్టు పెట్టేసి, రివ్యూలో ‘ఈ లైను ఎందుకు?’ అని అడిగితే తెల్లముఖం వేసేవాళ్లు పెరిగారు. ఆ టూల్ వాడటం తప్పు కాదు, అర్థం కాకుండా వాడటం తప్పు.

అపోహ: తెలియదంటే చులకన అవుతాం. ఇంగ్లిష్ గడగడా రానివాళ్లు నెగ్గుకురాలేరు.

వాస్తవం: జిల్లాల్లోని కాలేజీల నుంచి వచ్చే పిల్లలను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. రోజూ జరిగే స్టాండప్ మీటింగ్‌లో మాట్లాడాల్సింది ఒక్క నిమిషం. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను అన్న మూడు ముక్కలు చాలు. వ్యాకరణం తప్పిందని ఎవరూ మార్కులు తీసేయరు. రెండు రోజులు ఒకేచోట ఇరుక్కుపోయి, అడగడానికి మొహమాటపడి, మూడో రోజు కూడా ‘వర్క్ జరుగుతోంది సార్’ అంటేనే మేనేజర్‌కు నమ్మకం సడలుతుంది. నేను చూసినవాళ్లలో బాగా ఎదిగినవాళ్లు అనర్గళంగా మాట్లాడేవాళ్లు కాదు. ఏం ప్రయత్నించారో, ఏ ఎర్రర్ వచ్చిందో వివరంగా రాసి అడిగేవాళ్లు. పక్క సీటు అన్నయ్యనో అక్కనో తెలుగులోనే అడగండి. తర్వాత అదే సంగతి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయండి. ఏడాది అలా రాస్తే భాష దానంతటదే వస్తుంది.

అపోహ: ఏడాది చేస్తే అక్కడే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: కాదు. అప్రెంటిస్‌గా చేరినవాళ్లను తర్వాత ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టం సంస్థను బలవంతం చేయదు. ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప. పని ఎంత బాగా చేసినా ఆ ఏడాది టీమ్‌లో ఖాళీ లేకపోవచ్చు. కనుక ఏడెనిమిది నెలలు నిండగానే బయటి ఇంటర్వ్యూలకూ సిద్ధం కావడం మంచిది. అది కంపెనీకి ద్రోహం కాదు.

అపోహ: ముందు ఎంతో కొంత కట్టినా పరవాలేదు, అనుభవం వస్తుంది కదా.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పనిచేసేవాళ్లకు సంస్థ డబ్బు ఇవ్వాలి, తీసుకోకూడదు. 30 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని అప్రెంటిస్ చట్టం కింద నియమం. ఆ నియమాలకు 2019లో చేసిన సవరణ గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. కేంద్ర పథకమైన నాట్స్ కింద ఈ కనీస మొత్తంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. అయినా ఆ డబ్బుతో ఇక్కడ బతకడం కష్టమే. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి కోకాపేటకు బస్సో ఆటోనో చూసుకోవాలి. మణికొండ, నార్సింగి, పుప్పాలగూడల్లో హాస్టల్ అద్దె, దారి ఖర్చులు పోతే మిగిలేది తక్కువ. స్టైపెండ్ ఎంతో, ఏ తేదీకి వస్తుందో ముందే తెలుసుకుని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమన్నా వెనక్కి వచ్చేయండి. బ్యాక్‌డోర్ ఉద్యోగాల పేరుతో మోసపోయినవాళ్ల ఫిర్యాదులు సైబరాబాద్ పోలీసులకు ఏళ్లుగా అందుతూనే ఉన్నాయి.

అపోహ: అమెరికా వెళ్లాక ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తే అన్నీ లాభాలే.

వాస్తవం: ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలు ఇది తప్పక తెలుసుకోవాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి 12 నెలలు, ఆపైన ఫుల్‌టైమ్ సీపీటీ (కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) వాడేస్తే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువమంది చదువు అయ్యాక వాడుకునే పని అనుమతి) అర్హత పోతుంది. పార్ట్‌టైమ్ సీపీటీ ఈ లెక్కలోకి రాదు. ఎన్ని నెలలు వాడారో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, స్నేహితుల మాట మీద ఆధారపడవద్దు.

చేరబోయే విద్యార్థులకూ, వాళ్లను పంపే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒకటే. కంపెనీ పేరు చూసి సంతకం చేయవద్దు. ఏ టీమ్‌లో వేస్తారు, రోజూ పని చూసి సరిదిద్దే మనిషి ఎవరు, స్టైపెండ్ ఎంత, కాలేజీ క్రెడిట్లు ఎలా లెక్కిస్తుంది అన్నవి అడగండి. జవాబులు మెయిల్‌లో ఇవ్వమనండి. మాట దాటేసే చోట చేరకండి.